ఖాళీ గదిలో ఊపిరి

మా ల్యాబు తలుపు మీద నా చేతిరాతతో ఒక కాగితం ఉండేది. "స్కాన్ జరుగుతున్నంతసేపూ లోపల ఎవరూ ఉండరాదు." కింద నా సంతకం. ఎండకు సిరా వెలిసింది, టేపు పసుపెక్కింది, ఒక మూల చిరిగింది, అయినా ఏళ్ల తరబడి దాన్ని ఎవరూ తీయలేదు. రిటైరైన రోజు నేనే గోటితో గీకి తీసి, మడిచి చొక్కా జేబులో పెట్టుకుని తార్నాకలోని మా ఇంటికి తెచ్చుకున్నాను. ఆ రోజు కప్పిన శాలువా ఎక్కడుందో మా ఆవిడను అడగాలి. ఈ కాగితం మాత్రం నా బల్ల సొరుగులోనే ఉంది.

నియమంలో తప్పేమీ లేదు. ఇప్పటికీ అది సరైన నియమమే. ల్యాబుల్లో చేరబోయే పిల్లలు చదువుతారు, మీ అనుభవంలో ఒక మంచి రోజు గురించి రాయండి అని మా సంస్థ పత్రికవాళ్లు నన్ను అడిగారు. మంచి రోజుల గురించి రాయడానికి నాకంటే తగినవాళ్లు ఉన్నారు. నేను ఈ కాగితం గురించి రాస్తాను.

మా పని ఏమిటో ముందు చెప్పాలి. ఎక్కువ చెప్పను. కొత్తగా పుడుతున్న నక్షత్రాల చుట్టూ ధూళి ఉంటుంది. అగరొత్తి పొగలో తేలే నలుసుకన్నా సన్నటి ధూళి. అక్కడి చలికి ఆ నలుసుల మీద మంచు పేరుకుంటుంది. నీళ్ల మంచు, కార్బన్ డయాక్సైడు మంచు, ఇంకా కొన్ని. వాటి గుండా వచ్చే నక్షత్రపు పరారుణ కాంతిని, అంటే కంటికి కనపడని వేడి వెలుగును, ఒక్కో మంచు ఒక్కో చోట మింగుతుంది. అంతరిక్షంలో ఉన్న దుర్భిణి ఆ వెలుగును విడదీసి ఒక గీతగా పంపుతుంది. మింగిన చోట గీతలో గుంట పడుతుంది. ఆ గుంట వంపును బట్టి అక్కడి మంచు ఏమిటో, ఎప్పుడైనా వేడెక్కి మళ్లీ చల్లబడిందేమో చెప్పవచ్చు. అయితే అలాంటి మంచునే మన దగ్గర తయారుచేసి, దాని గుంటను పక్కన పెట్టి పోల్చుకోవాలి. అందుకోసం మా క్యాంపస్‌లో, రెండో అంతస్తులో, గాలి మొత్తం లాగేసిన ఒక ఉక్కు డబ్బాలో బొత్తామంత పారదర్శకమైన బిళ్ల మీద మేం మంచు పెంచేవాళ్లం. బయట రాళ్లగుట్టలు మే నెల ఎండకు కాలుతుంటే, ఆ బిళ్ల మీద మాత్రం నక్షత్రాల మధ్య ఉండే చలి.

ఇంకొక్క సంగతి తెలిస్తే చాలు. మంచు పెంచే ముందు ఖాళీ బిళ్ల గుండా కాంతిని పంపి ఒక గీత తీస్తాం. దాన్ని బ్యాక్‌గ్రౌండ్ అంటాం. నలభై నిమిషాలు పడుతుంది. మంచు పెంచాక తీసే ప్రతి గీతనూ ఈ మొదటి గీతతో భాగిస్తాం. రెండింటిలోనూ ఉన్నదంతా కొట్టివేతకు పోయి, కొత్తగా వచ్చిన మంచు ఒక్కటే మిగులుతుంది. మంచు మీదపడ్డాక ఖాళీ బిళ్ల గీత మళ్లీ తీయడం కుదరదు. ఏ గీత తీస్తున్నప్పుడైనా గదిలో మనిషి ఉంటే అతని ఊపిరిలోని కార్బన్ డయాక్సైడు కాంతి దారిలోకి చేరుతుంది. ఆ దారిని మూసే పెట్టెలోకి పొడి నత్రజని వదిలేవాళ్లం గాని, మూత రబ్బరు పాతబడి సందు ఉండేది. అందుకే ఆ కాగితం.

ల్యాబు బోర్డు మీద పేరు నాది. నడిపింది మా టెక్నికల్ ఆఫీసరు. అందరూ ఆయన్ని ల్యాబ్ సారు అనేవాళ్లు, నేను కూడా. గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం, వారాసిగూడలో ఇల్లు. ఆదివారం చర్చి పాటల బృందంలో, అదే క్వయర్లో, అన్నిటికన్నా కింది స్థాయిలో పాడే అడుగు గొంతు ఆయనదే. పంపు చప్పుడు విని నూనె ఎప్పుడు మార్చాలో చెప్పేవారు. నేను అనంతపురం వాణ్ని. నా మాట కటువు, ఆయన మాట "అండి" లేకుండా ముగియదు. ఇరవై రెండేళ్లు ఒకే బల్ల మీద మధ్యాహ్నం డబ్బాలు విప్పుకున్నాం. ఆయన గోంగూర నా అన్నంలోకి, మా ఇంటి ఉగ్గాని ఆయన డబ్బా మూతలోకి.

ఆ కాగితం అంటించిన రోజు ఆయన దాన్ని రెండుసార్లు చదివి, అద్దాలు తీసి తుడుచుకుని నాతో అన్నమాట నాకు బాగా గుర్తుంది. "దేవుడు మన్ను ముద్దలోకి ఊపిరి ఊదాడని మా పాస్టరు గారు చెప్తారండి. మీరేమో ఆ మన్ను చూట్టానికి ఊపిరి బయట పెట్టి రమ్మంటున్నారు." నవ్వుకున్నాం. ఆ తర్వాత ఏళ్ల తరబడి బ్యాక్‌గ్రౌండ్ మొదలుపెట్టి, గది తాళం వేసి, వరండాలో ఒక ఇనుప మడత కుర్చీలో నలభై నిమిషాలు కూర్చునేవారు. పాటల పుస్తకం ఒళ్లో పెట్టుకుని పెదవులు కదిలించేవారు. ఆ నియమాన్ని ఆయనకన్నా శ్రద్ధగా పాటించినవారు లేరు.

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు జరిగిన సంగతి ఇది. ఆ శీతాకాలం నుంచి ఆయన మెట్ల మలుపు దగ్గర ఆగి, రెయిలింగు పట్టుకుని, ఏదో చూస్తున్నట్టు కిటికీలోంచి చూడటం మొదలుపెట్టారు. కిటికీ బయట చూడటానికి ఏమీ లేదు, సైకిల్ స్టాండు తప్ప. క్వయర్ మానేసి వెనక బెంచీలో కూర్చుంటున్నానన్నారు. కొంచెం ఆయాసమండి అన్నారు. గోంగూర తగ్గించండి అన్నాను నేను. నా వైద్యం అంతవరకే.

ఫిబ్రవరిలో ఒక రోజు నా గది గుమ్మంలో నిలబడి, వరండాలో ఒక కుర్చీ వేయించండి సార్, నిలబడలేకపోతున్నాను అన్నారు. నేను ఏదో రిపోర్టు రాస్తున్నాను. తలెత్తకుండా "చూద్దాం" అన్నాను. వరండాలో ఎప్పుడూ ఉండే కుర్చీ ఏమైందని అడగలేదు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను అన్నిటికన్నా ఎక్కువ వాడిన మాట ఆ "చూద్దాం". అది ఒప్పుకోవడమూ కాదు, కాదనడమూ కాదు. ఎదుటివాణ్ని అక్కణ్నుంచి పంపడానికి పనికొస్తుంది.

తర్వాతి వారం ఒక గీత మురికిగా వచ్చింది. కార్బన్ డయాక్సైడు ఎక్కువ. నేను ఆయనకు ఒక మెయిలు రాశాను. పక్క గదిలో ఉన్న మనిషికి మెయిలు. నియమం ఎవరికోసం పెట్టామో గుర్తుంచుకోవాలి అని అందులో ఒక వాక్యం. ఆయన ఒక్క ముక్కలో జవాబిచ్చారు, ఇకమీదట జాగ్రత్తగా ఉంటానండి అని. ఆ తర్వాత గీతలన్నీ శుభ్రంగా వచ్చాయి. నా మెయిలు పనిచేసిందని సంతోషించాను.

అప్పుడు నా దగ్గర ఒక అమ్మాయి పరిశోధన చేస్తుండేది. గోల్నాక అమ్మాయి, ఆరో ఏడు. ఫెలోషిప్ గడువు ముగిసింది, ఇంట్లోవాళ్లు ఇంకా ఎన్నాళ్లు అని అడుగుతున్నారు. సిద్ధాంత వ్యాసంలో అయిదు అధ్యాయాలు ఉన్నాయి గాని, కొత్తది అని చెప్పుకోదగ్గ మాట ఒక్కటీ లేదు. దుర్భిణి నుంచి వచ్చిన ఒక పసి నక్షత్రం గీతలో, కార్బన్ డయాక్సైడు మంచు గుంట అంచున, చిన్న నొక్కు ఒకటి ఉంది. అది ఎందుకుందో ఎవరికీ తెలియదు. అదే నొక్కు మా మంచులో తెప్పించగలిగితే ఆ నక్షత్రం ఒకప్పుడు భగ్గుమని మండి చల్లారిందని చెప్పవచ్చు. ఆమె చదువంతా ఆ నొక్కు మీద ఆధారపడి ఉంది.

మే నెల సెలవుల్లో ఆఖరి ప్రయోగం పెట్టుకున్నాం. ల్యాబ్ సారు పొద్దున్నే వచ్చి బ్యాక్‌గ్రౌండ్ తీశారు. మధ్యాహ్నానికి మంచు పెంచారు. నాలుగింటికి నా గదికి వచ్చి, ఇంటికి వెళ్తాను సార్, ఒంట్లో బాలేదు అన్నారు. ముఖం బూడిద రంగులో ఉంది. వెళ్తూ వెళ్తూ ఆ అమ్మాయితో, "నేను లేకుండా మాత్రం గీతలు మొదలెట్టకమ్మా. రేపు పొద్దున్నే వచ్చేస్తా" అన్నారు. ఆయనకు ల్యాబు మీద మమకారం, ఇంకొకరు ముట్టుకుంటే నచ్చదు అనుకుంది ఆ అమ్మాయి. నేనూ అలాగే అనుకున్నాను.

మర్నాడు ఆయన రాలేదు. ఆస్పత్రిలో చేర్చారని కొడుకు ఫోన్ చేశాడు. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట. మంచు బిళ్ల మీద ఎదురుచూస్తోంది. అది ఎక్కువ రోజులు చెడకుండా ఉండదు. ఆ అమ్మాయి నన్ను అడిగింది, సారు వద్దన్నారు కదా, ఏం చేయమంటారని. మొదలుపెట్టు అన్నాను.

గది తాళం వేశాం. యంత్రం తనంతట తాను గంటకొక గీత తీసుకుంటూ నాలుగు రోజులు పనిచేసింది. లోపల ఎవరూ లేరు. డబ్బాను చల్లబరిచే కంప్రెసర్ మాత్రం లోపల ఒక లయలో చుక్ చుక్ మంటూ ఉండేది. సెలవులకు క్యాంపస్ ఖాళీ. గుట్టల మీద నెమళ్లు మధ్యాహ్నం పూట కూడా అరిచేవి. వరండాలో నడుస్తుంటే మూసిన తలుపు వెనక నిద్రపోతున్న మనిషి ఉన్నట్టు అనిపించేది. మూడో రోజు మధ్యాహ్నం ల్యాబ్ సారు పోయారు.

సమాధుల దగ్గర నుంచి తిరిగొచ్చిన మర్నాడు తలుపు తీసి గీతలు చూశాం. మొదటి గంట గీతలోనే, గుంట అంచున, నొక్కు ఉంది. ప్రతి గీతలోనూ ఉంది. దుర్భిణి గీతను దాని మీద పెట్టి చూశాను. అచ్చం అదే చోట కాదు, వెంట్రుకవాసి తేడా. ఆ తేడాను నా కన్ను మన్నించింది. ఆ అమ్మాయి ఏడ్చింది. సారు ఉంటే బాగుండేది అంది. నేను ఒక సమావేశానికి ఈ ఫలితం సారాంశం పంపేశాను.

మళ్లీ ఒకసారి చేసి నిర్ధారించుకోవాలి కదా అని మీరు అడుగుతారు. కంప్రెసర్ ఆ వారమే ఆగిపోయింది. బాగుచేసేవాళ్లు ఎప్పుడొస్తారో తెలియదు. ఒక్కసారి చేసినదే ఆధారంగా అధ్యాయం రాయించాను.

ఆ రోజుల్లో ల్యాబులో ఒంటరిగా ఉండటం ఆ అమ్మాయికి కష్టంగా ఉండేది. తలుపు తీయగానే ఎవరో అప్పుడే లేచి వెళ్లినట్టు ఉంటుంది అనేది. మా అటెండరు మౌలాలి నుంచి వచ్చేవాడు, యాభై దాటిన మనిషి. అతను ఖాళీ గదికి కూడా తలుపు తట్టి లోపలికి వెళ్లేవాడు. ఎందుకయ్యా అంటే చెప్పేవాడు కాదు. నేను ఇద్దరినీ చూసి నవ్వేవాణ్ని. వెర్రి నవ్వు.

సిద్ధాంత వ్యాసం సమర్పించే ముందు విభాగంలో ఒక సెమినారు ఇవ్వాలి. అది శుక్రవారం. మంగళవారం మధ్యాహ్నం ఆ అమ్మాయి నా గదికి వచ్చి, కూర్చోకుండా నిలబడింది.

"సార్, మనం కట్ చేసే ముక్క ఉన్నది కదా, అది మళ్లా తీసి పెట్టిన. ఒకసారి చూస్తరా?"

కట్ చేసే ముక్క గురించి చెప్పాలి. గాలిలోని కార్బన్ డయాక్సైడు పెద్ద అచ్చు వేసే చోటు ఒకటి గీతలో ఉంటుంది. గదిలోని గాలి ఎప్పుడూ కొద్దో గొప్పో అక్కడ మురికి చేస్తుంది కాబట్టి మేం ఆ భాగాన్ని కోసేసి బొమ్మలు వేస్తాం. ఇది మా వాళ్లందరికీ ఉన్న అలవాటు. ఎవరూ తప్పు పట్టరు. నేను నా విద్యార్థులకు మొదట నేర్పేది కూడా అదే.

ల్యాబులోకి వెళ్లి చూశాను. గాలిలోని కార్బన్ డయాక్సైడు ఉంటే గీత మీద దువ్వెన పళ్లలాగా సన్నటి గాట్లు కిందికి దిగుతాయి. తెర మీద దువ్వెన ఉంది. పళ్లు పైకి ఉన్నాయి.

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. గీతను బ్యాక్‌గ్రౌండ్‌తో భాగిస్తాం అన్నాను కదా. గీత తీసినప్పుడు గదిలో ఊపిరి ఉంటే పళ్లు కిందికి ఉంటాయి. గీత తీసినప్పుడు ఊపిరి లేకుండా, బ్యాక్‌గ్రౌండ్ తీసినప్పుడు ఉంటే, అది తలకిందులవుతుంది. మేం చూస్తున్నది గదిలో ఉన్న మనిషిని కాదు. గదిలో లేకుండా పోయిన మనిషిని.

"అదే గ్యాస్‌కు ఇంకో గాటు ఉంటది సార్, మన గుంట అంచుల," అంది ఆ అమ్మాయి. "అదీ తలకిందులైంది. మన నొక్కు అదే సార్."

నేను బుకాయించాను. బ్యాక్‌గ్రౌండ్ తీసింది ల్యాబ్ సారు, ఆయన లోపల ఉండరు, ఇరవై రెండేళ్లలో ఎప్పుడూ ఉండలేదు అన్నాను. ఆమె ఇంకో ఫైలు తెరిచింది. నలభై నిమిషాల బ్యాక్‌గ్రౌండ్ అంటే నిజానికి పదిహేను సెకన్ల స్కాన్లు నూట అరవై. యంత్రం వాటిని విడివిడిగా దాచుకుంటుంది, వాటిని ఎవరూ తెరవరు. ఆమె ఒక్కో స్కాన్‌లో ఎంత కార్బన్ డయాక్సైడు ఉందో లెక్కగట్టి నూట అరవై చుక్కలుగా పెట్టింది. పెట్టెలోకి వదిలే నత్రజని కూడా అంతసేపూ దాన్ని బయటికి తోస్తూనే ఉంటుంది కాబట్టి పెరుగుదల, తరుగుదల రెండూ కనిపిస్తాయి.

జనవరి బ్యాక్‌గ్రౌండ్ చదునుగా ఉంది. ఖాళీ గది. ఫిబ్రవరి నుంచి చుక్కలు మెట్లలాగా ఉన్నాయి. నాలుగు చుక్కలు చదును, తర్వాత ఒక ఎగురు. మళ్లీ నాలుగు చదును, ఒక ఎగురు. నాలుగు చుక్కలంటే ఒక నిమిషం. "ఇది ఊపిరి బిగబట్టుడు సార్," అంది. ఆమె కర్సర్‌ను ఒక్కో చుక్క మీదుగా జరుపుతుంటే నేను కూడా బిగబట్టి చూస్తున్నానని నాకు ఆలస్యంగా తెలిసింది. ఒక నిమిషం బిగబట్టడం తేలిక కాదు. అడుగు గొంతు పాడే మనిషి కాబట్టి చేశారు. మార్చిలో మూడు చుక్కలు. ఏప్రిల్లో రెండు, కొన్నిచోట్ల ఒకటి. ఆఖరి రోజు మెట్లు లేవు. మొదటి చుక్క నుంచి నూట అరవయ్యో చుక్క దాకా ఆగకుండా ఎక్కే ఏటవాలు.

ఆయనకు లెక్క తెలుసు. బ్యాక్‌గ్రౌండ్‌కూ తర్వాతి గీతకూ రెండుసార్లూ తానే లోపల కూర్చుంటే, రెండింటిలోనూ ఉన్నది కొట్టివేతకు పోతుంది. ఫిబ్రవరిలో నా మెయిలు వచ్చాక ఆయన చేసిన జాగ్రత్త అది. ఆయన అన్ని గీతల్లోనూ ఉన్నారు, అందుకే దేనిలోనూ కనపడలేదు. తాను లేకుండా మొదలుపెట్టవద్దని ఆ అమ్మాయికి ఎందుకు చెప్పారో అప్పుడు తెలిసింది.

నేను చేసిన పనుల్లో ఒకటి సిగ్గుతో చెబుతున్నాను. ఆ అమ్మాయి మంచినీళ్లకు వెళ్లినప్పుడు, మూడో రోజు మధ్యాహ్నం ఆయన పోయిన గంటకు ముందు తీసిన గీతనూ తర్వాత తీసిన గీతనూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను. తేడా లేదు. ఉండదని నాకు తెలుసు. అయినా రెండుసార్లు చూశాను.

ఆమె తిరిగొచ్చి, శుక్రవారం ఏం చేద్దాం సార్ అంది. "నేను కూడా ఇది చూడకపోతే మంచిగుండు అనుకున్న సార్. పొద్దున్నుంచి మూడుసార్లు ఫైల్ మూసిన."

ఆరేళ్లు పడ్డ పిల్ల తన ఒక్క కొత్త మాటనూ తన చేత్తోనే తెచ్చి నా ముందు పెట్టింది. నేను ఏమన్నానో రాస్తాను. ఆ ముక్క ఎలాగూ కోసేస్తాం కదమ్మా, సెమినారు అవనీ, తర్వాత చూద్దాం అన్నాను.

ఆమె కంప్యూటరు ఆపకుండానే బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది.

నేను వరండాలోకి వచ్చాను. అటెండరు కిటికీలకు గొళ్లేలు పెడుతున్నాడు. ఫిబ్రవరి నుంచి బ్యాక్‌గ్రౌండ్ తీసేటప్పుడు ల్యాబ్ సారు లోపల కూర్చునేవారా అని అడిగాను. అతను గొళ్లెం వదల్లేదు. తలుపుకున్న అద్దంలోంచి చూసేవాణ్ని సార్ అన్నాడు. ముక్కుకు దస్తీ కట్టుకుని, గోడ దిక్కు మొఖం పెట్టుకుని, నేలకు బిగించిన స్టూలు మీద వంగి కూర్చునేవారట. ఒకసారి ఇతను లోపలికి పోబోతే, వద్దని చెయ్యి ఊపారట. మాట్లాడలేదట. అందుకే ఆ గదికి తలుపు తట్టడం అలవాటైందన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. నియమం తెలిసిన మనిషి బయట కూర్చోవచ్చు కదా, లోపల ఎందుకు కూర్చోవడం అన్నాను.

అతను అప్పుడు గొళ్లెం వదిలి నా వైపు తిరిగాడు. "బయట కూసుండనీకి కుర్చీ ఏడున్నది సార్? మీ రూంల ఉన్నది గదా."

జనవరి ఆఖర్లో ఒక పరిశోధక విద్యార్థికి వైవా, అంటే మౌఖిక పరీక్ష, జరిగింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకులకు నా గదిలో కుర్చీ ఒకటి తక్కువైంది. వరండాలోది తెమ్మని అటెండరుకు నేనే చెప్పాను. వైవా అయింది, వాళ్లు వెళ్లారు, కుర్చీ ఉండిపోయింది. దాని మీద ఒక జర్నల్ పెట్టాను, దాని మీద ఇంకొకటి. ఫిబ్రవరిలో ల్యాబ్ సారు నా గుమ్మంలో నిలబడి కుర్చీ అడిగినప్పుడు, ఆ కుర్చీ ఆయనకూ నాకూ మధ్యలోనే ఉంది. ఆయనకు కనపడే ఉంటుంది. అది నాదే, తీసుకుపోతాను అనలేదు. వేయించండి అన్నారు, నా చేత్తో ఇస్తే తీసుకుందామని.

గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. జర్నళ్లు కింద పెట్టడానికి నాలుగు విడతలు పట్టింది. కుర్చీ సీటు మీద దుమ్ము లేదు, పుస్తకాలు కాపాడాయి. వెనక భాగం మీద ఆయన సుద్దముక్కతో రాసుకున్న ల్యాబు నంబరు ఇంకా ఉంది.

శుక్రవారం సెమినారులో ఆ అమ్మాయి మాట్లాడటానికి ముందు నేను లేచాను. నొక్కు నిజం కాదని, బ్యాక్‌గ్రౌండ్ చెడిపోయిందని, సారాంశం వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. ఆ లోపాన్ని పట్టుకున్నది ఆ అమ్మాయే అని చెప్పాను. అంతవరకు బాగానే చెప్పాను. వెనక వరసలోంచి ఒక సహోద్యోగి, ఎలా చెడింది, గదిలో మనిషి ఉన్నాడా అని అడిగారు. ఉన్నాడు అన్నాను. నియమం ఉంది కదా అన్నారు ఆయన. ఉంది అన్నాను. కూర్చున్నాను.

అక్కడితో నా ధైర్యం అయిపోయింది. సిద్ధాంత వ్యాసంలో ఈ పొరపాటును వివరించే అధ్యాయం చివర, ఆపరేటరు నిబంధనకు విరుద్ధంగా గదిలో ఉండటం వల్ల కలిగిన దోషం అని ఒక వాక్యం ఉంటుంది. ఆ అమ్మాయి దాన్ని వేరే రకంగా రాసింది. ఇలా మార్చింది నేను. కుర్చీ అనే మాట అందులో ఎక్కడా లేదు.

వారం తర్వాత వారాసిగూడ వెళ్లాను. ఆయన భార్య బడిలో టీచరుగా చేసి రిటైరైన మనిషి. చుక్కల సంగతి చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "ఇంట్లోనూ అంతేనండి. రాత్రిళ్లు దగ్గు మాకు వినపడకూడదని గోడవైపు తిరిగి పడుకునేవారు. నేను వీపే చూసేదాన్ని" అన్నారు. టీ ఇచ్చారు. కుర్చీ సంగతి చెప్పాలని వెళ్లి, చెప్పకుండా వచ్చాను. డాక్టర్లు ఎప్పుడో చేయి దాటిపోయిందన్నారట, కుర్చీ ఉన్నా ఆయన దక్కేవారు కాదు. నిజమే కావచ్చు. చివరి మూడు నెలలు ఒక జబ్బు మనిషి నా గీతలు శుభ్రంగా ఉండాలని, లేని ఊపిరిని బిగబట్టుకుని గోడను చూస్తూ కూర్చున్నాడన్నది డాక్టర్లు చెప్పే సంగతి కాదు. ఈ రాత అచ్చయితే మొదటి ప్రతి ఆమెకు నేనే పట్టుకెళ్లి ఇస్తాను.

కంప్రెసర్ బాగయ్యేసరికి శీతాకాలం వచ్చింది. సమర్పణ గడువు పొడిగించమని అర్జీ పెట్టాం. మూత రబ్బరు కొత్తది వేసి, ప్రయోగం మొదటి నుంచి చేశాం. బ్యాక్‌గ్రౌండ్ మొదలుపెట్టి, గది తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని నేను వరండాలో ఆ ఇనుప కుర్చీలో కూర్చున్నాను. ఆ అమ్మాయి మెట్ల మీద కూర్చుంది. నలభై నిమిషాలు ఎంతసేపో అంతకుముందు నాకు తెలియదు. ఇరవై నిమిషాలకు నడుం లాగింది. ముప్పైకి ఎండ మోకాళ్ల మీదికి వచ్చింది. తలుపు వెనక కంప్రెసర్ చుక్ చుక్ మంటోంది. నాకు ఆయాసం లేదు, గుండెకు జబ్బు లేదు. అయినా లేచి నిలబడాల్సి వస్తే నిలబడలేను అనిపించింది.

కొత్త గీతల్లో నొక్కు లేదు. ఎంత చిన్నదీ లేదు. దుర్భిణి పంపిన గీతలో అది ఇప్పటికీ ఉంది, ఎందుకుందో మీలో ఎవరైనా చెబుతారేమో. ఆ అమ్మాయి వ్యాసంలో కొత్త మాట లేకుండా పోయింది. దాని బదులు, ప్రయోగశాల గీతల్లోకి మనిషి ఊపిరి ఎలా చేరుతుందో, ఎలా పట్టుకోవాలో వివరించే అధ్యాయం చేరింది. పట్టా ఆలస్యంగా వచ్చింది, వచ్చింది.

నొక్కు లేదని తేలిన సాయంత్రం, పాత ఫైలు తీసేయమంటారా సార్ అని ఆమె అడిగింది. వద్దన్నాను. ఆమె నన్ను అడగకుండా ఒక పని చేసింది. ల్యాబ్ సారు తీసిన ఆఖరి బ్యాక్‌గ్రౌండ్‌ను, మేం ఈసారి తీసిన ఖాళీ గది బ్యాక్‌గ్రౌండ్‌తో భాగించింది. రెండింటిలోనూ ఉన్నదంతా పోయింది. బిళ్ల పోయింది, కాంతినిచ్చే దీపం పోయింది, యంత్రం పోయింది. తెర మీద దువ్వెన మిగిలింది. ఈసారి పళ్లు కిందికి ఉన్నాయి, ఎలా ఉండాలో అలా.

తలుపు తెరిచే ఉంది, కాంతి దారిని మూసే పెట్టె మూత కూడా. పక్క తెర మీద యంత్రం ఆ క్షణం గదిలో ఉన్నదాన్ని చూపించే గీత నడుస్తోంది. నేను చాలాసేపటిగా బిగబట్టిన ఊపిరి వదిలాను. ఆ గీత కదిలింది.